నలభయ్యో స్తంభం దగ్గర చేతులు కడిగే చోటు

ఎంట్రీ 1. సోమవారం

భోజనాల బండి ఇక నలభయ్యో స్తంభం దగ్గర ఆగదు. ఈ కబురు ఇవాళ ఉదయం ఎనిమిది గంటలకు, స్తంభం చుట్టూ ఉన్న గూళ్ళన్నిటికీ ఒకేసారి చేరింది. ఇంకో రెండు శుక్రవారాలు ఆగుతుంది. ఆ తరవాత నేరుగా యాభై రెండుకు వెళ్ళిపోతుంది.

కారణం రెండే వాక్యాల్లో చెప్పారు. "ఈ స్తంభం దగ్గర కలిసి తిన్నవారిలో ఎవరూ ఎవరినీ మళ్ళీ కలవాలని కోరలేదు. తిండి మీ గూటికే ఎగిరి వస్తుంది కనుక మీకు లోటు ఉండదు."

నేను ఈ పొలం వార్తాపత్రికకు విలేకరిని. ఇక్కడి గూట్లో దిగి వారమైంది. పొలం అంటే పంట పొలం కాదు. అనంతపురం మెట్ట మీద ఒక అంచు నుంచి రెండో అంచు వరకు పరిచిన సూర్యపలకలు. బండి ఆ చివరి నుంచి ఈ చివరికి రావడానికి పగలంతా పడుతుంది. గూడంటే పలకల కాపరి ఉండే ఒంటి గది, గూటికి ఒక్క మనిషి. పలకలు తుడిచే మరలను చూసుకోవడం, కాలిన తీగలు మార్చడం, పొద్దుగూకాక తలుపు సందుల్లో దుమ్ము ఊడ్చుకోవడం. పక్క గూడు కంటికి ఆనదు. మధ్యాహ్నం గాలిలో ఎగిరివచ్చిన డబ్బా తలుపు ముందు దిగుతుంది. తిని ఖాళీ డబ్బా బయటపెడితే తిరిగి ఎగిరిపోతుంది.

వారానికి ఒక రోజు మాత్రం డబ్బా రాదు. ఆ రోజు ‘పంక్తి’. గురువారం సాయంత్రం తెర మీద మూడు పేర్లు కనిపిస్తాయి. మరుసటి రోజు ఆ ముగ్గురితో కలిసి బండిలో తినాలి. వాళ్ళను మీరు అంతకు ముందు ఎప్పుడూ చూసి ఉండరు. తిన్నాక ఎవరినైనా మళ్ళీ కలవాలనిపిస్తే బండిలోని మిషన్‌కు చెప్పాలి. వాళ్ళు కూడా మీ పేరే చెబితే ఇంకోసారి కలిపి కూర్చోబెడతారు. లేకపోతే వచ్చే వారం మళ్ళీ కొత్త ముగ్గురు.

కబురు చదివాక తుడుపు మరలు బాగుచేసే సుంకమ్మకు ఫోన్ చేశాను.

"కోరలేదని ఎవడు చెప్పినాడక్కా?" అంది. "నేను ప్రతిసారీ కోరినా. లాలెప్పన్న కూడా కోరినాడు. ఆయన బోరు కథ సగంలో ఉండాది. నీళ్ళు పడినాయో లేదో తెలీకుండా నేను నాలుగు నెలల్నించి ఒళ్ళు మండుతా ఉండా!"

లాలెప్ప ట్రాన్స్‌ఫార్మర్లు చూస్తాడు. ఆయనను అడిగితే ఆయనా అంతే: "మేం కోరినాం మేడమ్. ఆ మిషన్‌కు చెవుడేమో చూడమనండి."

కోరామని వీళ్ళంటారు. కోరలేదని ‘పంక్తి’ కార్యాలయం అంటుంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

ఎంట్రీ 2. మంగళవారం

బండి ఆగకపోతే ఎవరికి ఏమవుతుందని విచారించాను. చాలామందికి పెద్దగా ఏమీ కాదు. గస్తీ బండెక్కి యాభై రెండుకు పోయి తినగలరు. ఒక్క మనిషికే దారి లేదు. పేరు కుళ్ళాయప్ప. ఆయన గూడు వాగు అవతల, పొలం చిట్టచివర ఉంది. గస్తీ బండి మీద వెళ్ళినా, పొద్దుగూకేలోగా ఆయన తిరిగి గూటికి చేరగలిగేది నలభయ్యో స్తంభం నుంచే.

పొలంలో ఒక నిబంధన ఉంది. నెలలో ఒక్కసారైనా సాటి మనుషులతో కూర్చుని తినని కాపరిని గూట్లో ఉండనివ్వరు. మనసు చెడుతుందని పట్నం క్వార్టర్స్‌కు మార్చేస్తారు. నిబంధన మంచిదే. కానీ బండి ఆగడం మానేస్తే, నెల తిరిగేసరికి కుళ్ళాయప్ప గూడు ఖాళీ చేయాలి.

సుంకమ్మ, నేను గస్తీ బండి మీద వెళ్ళాం. ఆయనకు అరవై దాటాయి. మమ్మల్ని చూడగానే, "సెక్రం మింద ఆ బురదేంది? కడుక్కోని రాగూడదా?" అన్నాడు. అదే మొదటి పలకరింపు. టీ ఇచ్చాడు. సుంకమ్మ తెచ్చిన చెనిక్కాయల ఉండ కొరికి, "పాకం ముదిరింది," అన్నాడు.

"తిను మామా. ముదిరినా పండ్లు ఊడవు," అంది సుంకమ్మ.

"ఊడితే నువ్వు కట్టిస్తావా?"

ఆయన మమ్మల్ని గూటి వెనక్కి తీసుకెళ్ళాడు. పన్నెండెకరాలు, ఆయన సొంతం. పలకలు పరచడానికి కౌలుకు ఇచ్చి, దానికే కాపరిగా చేరాడు. పలకల వరసల మధ్య నడుస్తూ చూపించాడు. ఇక్కడ బావి. ఇక్కడ దిబ్బ. ఈ వరస కింద నేల ఇప్పటికీ మెత్తగానే ఉంది. కాలితో తట్టి మమ్మల్నీ తట్టమన్నాడు. తట్టాం. మెత్తగానే ఉంది.

"బండి ఆగకపోతే మిమ్మల్ని పంపించేస్తారట కదా," అన్నాను.

"పంపిస్తారు."

"ఏం చేస్తారు మరి?"

"నేనేం జేసేది? నన్ను మళ్ళా కూర్చోబెట్టుకోమని ఎవురైనా అడగాల. నన్ను ఎవురు అడుగుతారు మేడమ్?" అన్నాడు. తిరుగు దారిలో సుంకమ్మ, "ఆయప్పతో తినడం కష్టమేలే అక్కా. ప్రతి ముద్దకూ ఒక వంక పెడతాడు," అంది. మళ్ళీ తనే, "మనిషి చెడ్డోడు కాదు," అంది.

ఎంట్రీ 3. బుధవారం

‘పంక్తి’ నడిపే ప్రణవి గారితో తెర మీద మాట్లాడాను. మర్యాదస్తురాలు. ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెబుతారు.

"మిగతా స్తంభాల దగ్గర ప్రతి వారం జంటలు కుదురుతున్నాయండీ. నలభై దగ్గర ఒక్కటీ లేదు. నాకేమీ వాళ్ళ మీద కోపం లేదు. అక్కడివాళ్ళకు ఒంటరిగా తినడమే ఇష్టమేమో అనుకున్నాం."

"వాళ్ళు కోరామంటున్నారు."

"చెల్లే ఎంపికలు సున్నా అని మిషన్ చూపిస్తోంది. అసలు మాటలు మేం రికార్డు చేసి ఉంచం. భోజనం దగ్గర మాట్లాడినవి రికార్డు చేయకూడదు కదా."

ఆ జవాబు నాకు నచ్చింది. అందుకే ఒక మాట అడిగాను. రాబోయే రెండు శుక్రవారాలూ ఒకే నలుగురిని కూర్చోబెట్టండి. ఇద్దరు పరస్పరం కోరుకుంటే బండి ఆగాలి, లేకపోతే మీ నిర్ణయం మీది. ఆమె ఒప్పుకున్నారు. నలుగురు: కుళ్ళాయప్ప, సుంకమ్మ, లాలెప్ప, నేను.

ఎంట్రీ 4. శుక్రవారం

బండి పన్నెండున్నరకు ఆగింది. ఎక్కగానే రాగి పిండి ఉడికిన వాసన. వంట, వడ్డన రెండూ మాబున్నీవే. యాభై ఏళ్ళ మనిషి. పొలం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రోజుకో స్తంభం దగ్గర ఆగుతూ వండుతుంది. మరలు చేయి పెట్టకుండా మనిషి వండే వంట ఈ పొలంలో ఇదొక్కటే.

నలుగురికీ కలిపి ఒకే పెద్ద సంగటి ముద్ద, పళ్ళెంలో మధ్యన పెట్టింది. ఇది ‘పంక్తి’ పెట్టిన పద్ధతి కాదు, మాబున్నీ పెట్టిన పద్ధతి. ఎవరో ఒకరు పంచాలి. పంచినవాళ్ళు ఆఖరి వాటా తీసుకోవాలి. ముఖం తెలియని నలుగురు నోరు విప్పడానికి దీనికన్నా మంచి ఉపాయం నేనెక్కడా చూడలేదు. లాలెప్ప పంచాడు. కుళ్ళాయప్ప వాటా కొంచెం పెద్దదైంది. ఎవరూ చూడనట్టు ఊరుకున్నాం.

పాలకూర పప్పు, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి. ఊరుబిండి నిజంగా బాగుంది. రెండోసారి వేయించుకున్నాను.

కుళ్ళాయప్ప ఒక ముద్ద తిని, "మాబున్నీ! పప్పులో ఉప్పు సాల్లేదు," అని కేక వేశాడు.

"నీ నోట్లో ఉప్పు మడి ఉందా అన్నా? మాకు సరిపోయింది," అన్నాడు లాలెప్ప.

"మీకు అన్నీ సరిపోతాయి. గడ్డి పెట్టినా బాగుందంటారు."

మాబున్నీ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, ఆయన గిన్నెలోంచి చెంచాతో తీసుకుని రుచి చూసింది. వెళ్ళి ఉప్పు తెచ్చి కలిపింది. కలిపాక తిన్నాను. ఆయన చెప్పింది నిజమే.

లాలెప్ప బోరు కథ ముందుకు నడిచింది. మూడు వందల అడుగుల దాకా వచ్చింది. అక్కడ రాయి తగిలింది. అంతలో వేళ అయిపోయింది.

ఇక ప్రశ్న. బండి చివర చేతులు కడిగే చోట నాలుగు కుళాయిలు వరసగా ఉన్నాయి. నలుగురం భుజాలు తగిలేట్టు నిలబడ్డాం. నీళ్ళు ఆగగానే పైనుంచి ఒక మెత్తని గొంతు ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగింది.

"లాలెప్ప గారూ, మీరు ఎవరితో మళ్ళీ కలిసి తినాలనుకుంటున్నారు?"

లాలెప్ప అటూ ఇటూ చూశాడు. ఎడమవైపు సుంకమ్మ, కుడివైపు కుళ్ళాయప్ప. "అందరూ మంచోళ్ళే. అందరితో తింటా," అన్నాడు.

సుంకమ్మ: "ముగ్గురితో."

కుళ్ళాయప్ప: "ఎవురైనా సరే."

నన్ను అడిగేసరికి సంగతి అర్థమైంది. అర్థమై కూడా, పక్కనే తడి చేతులతో నిలబడిన ముగ్గురినీ చూసి, "అందరితో," అన్నాను.

దిగగానే ప్రణవి గారిని పిలిచాను. "ముగ్గురి పేర్లూ చెబితే మీ మిషన్ ఏం చేస్తుంది?"

"అందరినీ కోరితే ఎవరినీ ఎంచుకోనట్టే కదండీ. తీసేస్తుంది," అన్నారు. "అందరూ అలాగే చెబుతున్నారా?" అని అడిగారు.

"మనిషి పక్కనుండగా ఇంకో మనిషి పేరు చెప్పడం వీళ్ళకు చేతకాదు. పక్కవాళ్ళను వద్దన్నట్టు అవుతుందని."

"మిగతా చోట్ల చెబుతున్నారు."

"మిగతా చోట్ల దూరం నుంచి వచ్చిన జీతగాళ్ళు. ఇక్కడున్నది ఈ నేలలో పుట్టినవాళ్ళు."

కుళాయిల దగ్గర అడగడం మానేసి విడిగా అడగొచ్చు కదా అన్నాను. మార్చాలంటే వచ్చే త్రైమాసికం దాకా పడుతుందట. వచ్చే శుక్రవారానికి ఒకటే మార్గం. ఒక్క పేరు చెప్పాలి.

ఎంట్రీ 5. మంగళవారం

ముగ్గురికీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పాను. ఒకే ఒక్క పేరు. ఎవరి పేరన్నది మీ ఇష్టం, నాకు చెప్పనక్కర్లేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దు. ముందే కూడబలుక్కుంటే నిజంగా కోరుకున్నట్టు కాదు, ప్రణవి గారితో ఒప్పందం తప్పినట్టు.

లాలెప్ప చాలాసేపు గొణిగాడు. "పెండ్లి విందులో ఒకరికే వడ్డించినట్టు ఉంటాది మేడమ్."

"ఈ ఒక్కసారికి."

"మిగతా ఇద్దరూ మొగం మాడ్చుకుంటే?"

"మాడ్చుకోరు. కారణం వాళ్ళకూ తెలుసు."

సుంకమ్మ అడిగింది ఒక్కటే: "మామకు కూడా చెప్పినావా? ఆయప్ప ఎవరి పేరు చెప్తాడంట?"

అడగలేదన్నాను. ఆయనకు ఫోన్ చేసినప్పుడు మొత్తం విని, "సరే," అని పెట్టేశాడు. అప్పటికే ఒక సంచి సర్దుకున్నాడని, అందులో బావి గట్టు రాయి ఒకటి పెట్టుకున్నాడని సుంకమ్మ తరవాత చెప్పింది. గస్తీకి పోయినప్పుడు చూసిందట.

ఎంట్రీ 6. శుక్రవారం

ఆఖరి శుక్రవారం. భోజనం గురించి ఎక్కువ రాయడానికి లేదు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, పెరుగన్నం. ఎవరూ సరిగా తినలేదు. బోరు కథ అడిగే ధైర్యం సుంకమ్మకు కూడా లేకపోయింది. కుళ్ళాయప్ప ఒక్కడే బజ్జీ విరిచి చూసి, "మాబున్నీ, నూనె కాగకముందే ఏసినావు," అన్నాడు. మాబున్నీ పళ్ళెం తీసుకెళ్ళి మళ్ళీ వేయించి తెచ్చింది.

కుళాయిల దగ్గర నిలబడ్డాం.

"లాలెప్ప గారూ, మీరు ఎవరితో మళ్ళీ కలిసి తినాలనుకుంటున్నారు?"

లాలెప్ప గోడకేసి చూస్తూ, "కుళ్ళాయప్పతో," అన్నాడు.

"సుంకమ్మ గారూ?"

"కుళ్ళాయప్ప మామతో."

నన్ను అడిగింది. నేను దారంతా ఆలోచించుకునే వచ్చాను. "కుళ్ళాయప్ప గారితో," అన్నాను.

ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. ముగ్గురం వేరువేరుగా ఒకే లెక్క వేసుకున్నామని అప్పుడు తెలిసింది. ఒక్క పేరే చెప్పాలంటే, మిగతావాళ్ళెవరూ చెప్పరనిపించిన పేరు చెప్పాలి, లేకపోతే ఆ మనిషి చిన్నబుచ్చుకుంటాడు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఇన్నేళ్ళ విలేకరి పనిలో ఏ సభలోనూ ఇంత నెమ్మదిగా, ఇంత ఏకగ్రీవంగా తీర్మానం జరగడం నేను చూడలేదు.

కుళ్ళాయప్ప ముఖం ఎర్రబడింది. "నా మింద జాలి పడతాండారా?"

"జాలెందుకు? నువ్వు లేకపోతే ఉప్పు ఎవరు చూస్తారు?" అంది సుంకమ్మ.

"కుళ్ళాయప్ప గారూ," అంది పైనున్న గొంతు, "మీరు ఎవరితో మళ్ళీ కలిసి తినాలనుకుంటున్నారు?"

ఇక ఒక్క పేరు చాలు. మా ముగ్గురిలో ఎవరి పేరు చెప్పినా జంట కుదురుతుంది. బండి ఆగుతుంది. పన్నెండెకరాల మధ్య ఆయన గూడు ఆయనకే ఉంటుంది.

ఆయన లాలెప్పను చూశాడు, సుంకమ్మను చూశాడు, నన్ను చూశాడు.

"ముగ్గురు నా పేరు చెప్పినారు. నేను ఒకరి పేరు చెప్తే ఇద్దర్ని కొట్టినట్టుగాదా?" అన్నాడు.

"మామా, మేమేమీ అనుకోం. చెప్పు!"

"నా పేరు చెప్పన్నా. పోనీ సుంకమ్మ పేరు చెప్పు. ఏదో ఒకటి కక్కు!"

"ఊరకుండండప్పా. నాకు రాదు."

గొంతు మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగాక ఇక అడగదు. లాలెప్ప తల గోడకు ఆనించాడు. మూడోసారి అడిగింది.

"మాబున్నీ," అన్నాడు కుళ్ళాయప్ప.

పొయ్యి దగ్గర గిన్నె చప్పుడు ఆగింది.

"ఆ పేరు గల అతిథి ఈ బల్ల దగ్గర లేరు," అంది గొంతు.

"లేకపోతే కూర్చోబెట్టండి. ఈ బండెక్కిన కాడ్నించి చూస్తాండా. నేను చెప్పేది ఆమె వొక్కతే వింటాది."

మాబున్నీ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. పైకి చూసి మాట్లాడింది. మిషన్‌తో మాట్లాడేటప్పుడు పైకి చూడనక్కర్లేదని ఆమెకు తెలుసు. అయినా చూసింది.

"నేనూ ఈయన్న పేరే చెప్తా, రాసుకో. ఈ పొలం పొడుగూతా వండుతా ఉండా. అందరూ బాగుంది, బాగుంది అంటారు. బాగుందో లేదో నాకెట్ల తెలియాల? ఇంటికి పోయి ఎవరెవరు ఏమనుకుంటారో నాకెట్ల తెలియాల? కుళ్ళాయన్న వొక్కడే మొగం మిందనే చెప్తాడు. శుక్రవారం వస్తే నేను ఈ స్తంభం కోసం జాగ్రత్తగా వండుతా."

"మీరు అతిథి కారు. మీ ఎంపిక చెల్లదు," అంది గొంతు.

కుళ్ళాయప్ప తడి చేతులు తుడుచుకోవడం మరిచిపోయి ఆమెనే చూస్తున్నాడు. నాకు తెలిసి ఆయన వంక పెట్టలేకపోయిన మాట అదొక్కటే.

ఎంట్రీ 7. శనివారం

ఉదయం ప్రణవి గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. విశేషణాలేమీ కలపలేదు.

"ఇద్దరూ నిజంగానే కోరుకున్నారు," అన్నారు ఆమె. "మా దగ్గర కుదిరిన జంటల్లో ఇంత గట్టి కారణం చెప్పినవాళ్ళు లేరండీ. కానీ ఆమె తిన్నవాళ్ళలో లేదు. పక్కన కూర్చుని తినని మనిషిని జంటగా ఎలా రాయను?"

"తింటే?"

"తింటే అతిథే. కుర్చీలు నాలుగే కదా."

"నా కుర్చీ ఇస్తాను."

రద్దు ఉత్తర్వును ఆమె ఒక వారం ఆపారు. ఇంకో చిక్కు మిగిలింది. మాబున్నీ బల్ల దగ్గర కూర్చుంటే వండేదెవరు? పట్నం నుంచి డబ్బాలు పంపిస్తామన్నారు. ఈ మాట చెప్పడానికి కుళ్ళాయప్పకు ఫోన్ చేశాను.

"డబ్బాలా? ఆమెను కూర్చోబెట్టి డబ్బా పెడతారా? సిగ్గులేదూ? నేను వండుతా," అన్నాడు.

"మీకు వంట వచ్చా?"

"రాకపోతే ఇన్నాళ్ళు వంకలెట్ల పెట్టినా?"

సుంకమ్మకు చెబితే నవ్వు ఆపుకోలేకపోయింది. "అక్కా, ఆయప్ప వండితే మేం బాగుంది అనాల్నా, నిజం చెప్పాల్నా?" అని అడిగింది. మాబున్నీ ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆ పని ఆమెకే వదిలేయమన్నాను.

ఎంట్రీ 8. గురువారం

సాయంత్రం తెర మీద పేర్లు వచ్చాయి. కుళ్ళాయప్ప, సుంకమ్మ, లాలెప్ప, మాబున్నీ. నాలుగో పేరు పక్కన ‘అతిథి’ అని ఉంది.

రేపటి కార్యక్రమం ఇది. భోజనాల బండి తొమ్మిది గంటలకే నలభయ్యో స్తంభానికి వస్తుంది. పదింటికి కుళ్ళాయప్ప ఎసరు పెడతాడు. సంగటి కెలకడానికి లాలెప్ప సాయం ఉంటాడు. పన్నెండున్నరకు వడ్డన నాది. ఒకటిన్నరకు నలుగురినీ కుళాయిల దగ్గర అడుగుతారు, మాబున్నీని ఆఖరున. రెండింటికి ప్రణవి గారు ఉత్తర్వు తీసేయాలో ఉంచాలో చెబుతారు. రెండుంబావుకు బండి యాభై రెండుకు బయలుదేరుతుంది.